లంకల గన్నవరం దారిలో

రావులపాలెం, కొత్తపేట మీదుగా పి.గన్నవరం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. కోనసీమ కొబ్బరితోటల గురించి ఇదివరకే చాలామంది రాశారు కనుక నేరుగా వైనతేయ గోదావరి దగ్గరికి వస్తాను. ఇక్కడ నది మీద రెండు అక్విడెక్టులు పక్కపక్కనే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక 1850లలో కట్టిన పాతది 49 కమానుల మీద గోదావరి కాలువను గోదావరి పాయకే పైనుంచి అవతలి గడ్డకు దాటించింది. కొత్తదానికి ఆకలన్నవారికల్లా అన్నం పెట్టిన ఇల్లాలిగా పేరుపొందిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. నేను వచ్చినది ఆమె కాపురం చేసిన లంకల గన్నవరం చూడడానికే.

ఆమె 1841లో మండపేటలో పుట్టింది. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు వచ్చినవారికల్లా అన్నం పెడతారని ఊరివాళ్ళు ఆయనను బువ్వన్న అనేవారట. ఒకసారి ఆ ఇంట భోజనం చేసిన డొక్కా జోగన్న గారు తరువాత ఆ ఇంటి పిల్లనే పెళ్ళి చేసుకున్నారు.

గోదావరి గట్టు మీద నడుస్తున్నప్పుడు నాకు తట్టినది ఒకటే. సీతమ్మ గారి దాతృత్వాన్ని ఆమె స్వభావంగా మాత్రమే చెప్పుకుంటాం కానీ, అందులో ఈ ఊరి నైసర్గిక స్థితికీ పెద్ద పాత్ర ఉంది. అంతర్వేది వెళ్ళే యాత్రికులు, ఏటి మధ్య దిబ్బలైన లంకలకు దాటవలసినవారు ఏ వేళకు ఏటి ఒడ్డుకు చేరతారో ఎవరూ చెప్పలేరు. వరద వస్తే పడవ ఆగిపోతుంది, మనిషి చిక్కుకుపోతాడు. అటువంటి చోట అన్నం పెడతానన్న ఇల్లాలికి పొయ్యి ఆర్పే వేళంటూ ఉండదు. వరదలో లంక మీద చిక్కుకుని ఆకలితో కేకలు వేస్తున్న ఒక పంచముడికి, అంటే ఆనాడు అంటరానివాడని దూరం పెట్టిన మనిషికి, రాత్రివేళ జోగన్న గారి చేత పడవ మీద అన్నం పంపించిందని ఇక్కడ చెబుతారు. ఆనాటి కట్టుబాట్లు తెలిసినవారికి ఆ పడవ ప్రయాణం ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు.

ఊళ్ళో అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడను పలకరించాను. "అందరూ ఆ ఫొటో సంగతే అడుగుతారండీ. అన్నేసి ఎసళ్ళు ఎవరు దించారు, అన్ని గిన్నెలు ఎవరు తోమారు అని అడిగినవాళ్ళు లేరు బాబూ" అన్నారు. ఫొటో అంటే, ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో జరిగిన దర్బారు కోసం తీయించినదని చెప్పే సీతమ్మ గారి చిత్రం. దర్బారుకు పిలిస్తే ఆమె రానన్నదని, చివరికి అధికారుల ఉద్యోగాలు పోతాయంటేనే ఫొటోకు ఒప్పుకున్నదని కథ. నాకూ పెద్దావిడ ప్రశ్నే విలువైనదనిపించింది. జవాబు ఆమెకూ తెలియదు.

సీతమ్మ గారు 1909లో కన్నుమూశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

అక్కడినుంచి రాజోలు మీదుగా అంతర్వేది బయలుదేరాను. ఈ దారిలోనే ఒకసారి ఆమె స్వామి దర్శనానికి వెళుతూ మజిలీ చేసినప్పుడు, ఎదురుగా వస్తున్న పెళ్ళివారి పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దలు "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరంలో సీతమ్మ గారి ఇంట్లో తిందురుగాని" అనడం విని, దర్శనం మానుకుని వారికంటే ముందే ఇల్లు చేరి వంట చేసిందంటారు. ఇన్నాళ్ళూ నేను ఆ కథలో ఆమె వెనుదిరగడాన్నే చూశాను. బస్సుకే ఇంత సేపు పట్టే ఈ దారిలో పిల్లలతో నడుస్తూ, కబురైనా పంపకుండా, ఆ ఇంట్లో తమకు అన్నం ఉంటుందని లెక్క వేసుకున్న పెళ్ళివారి ధీమా ఇప్పుడే కనబడింది.