అల్లుడి గ్యారేజీలో తూటాల లెక్క

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవారు. సీజన్లో పొద్దుపోయాక డబ్బు సంచితో ఇంటికి రావాల్సి వచ్చేది. అందుకని .32 రివాల్వర్‌కు లైసెన్సు తీసుకున్నారు. ఆయన పోయాక అది నా పేరు మీదకు వచ్చింది. నేను దాన్ని బీరువాలోంచి తీసేది నూనె పెట్టడానికి, ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పడానికి. కాల్పులు సాధన చేసే రేంజికి వెళ్ళే వీలు చిక్కి ఏడాదికి ఇరవై తూటాలు కాలిస్తే గొప్ప.

అలాంటి నన్ను, తూటాలు సొంతంగా నింపుకుంటే పోలా అనే పురుగు తొలవడం మొదలైంది డాలస్‌లో. అమ్మాయి పురుటికి వెళ్ళి ఆరు నెలలు ఉన్నాం. అల్లుడికి అక్కడి పౌరసత్వం ఉంది, 9 ఎం.ఎం. పిస్టల్ ఉంది. శనివారం రేంజికి వెళ్ళి కాల్చడం, పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు ఏరుకుని రావడం, రాత్రి గ్యారేజీలో కూర్చుని వాటినే మళ్ళీ నింపడం. “మావయ్యగారూ, మీరు చూడండి, ముట్టుకోకండి” అనేవాడు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. సరే, స్టూలు వేసుకుని నోటుబుక్కుతో కూర్చున్నాను. యార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది!

పని చూడముచ్చటగా ఉంటుంది. గొట్టాలు తోమి, పేలిపోయిన ప్రైమర్‌ను (తుపాకీ మందును అంటించే అడుగు బిళ్ళను) తోసేసి, పేలుడు ఒత్తిడికి సాగిన గొట్టాన్ని మళ్ళీ అసలు కొలతకు నొక్కి, కొత్త ప్రైమర్ ఎక్కించి, మందు పోసి, బుల్లెట్ (ముందుకు దూసుకెళ్ళే ముక్క) కూర్చి అంచు బిగించాలి. మేం క్వింటాళ్ళలో బతికినవాళ్ళం. అక్కడ తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు కూడా ఉండదు. పౌను మందులో 7,000 గ్రెయిన్లు. ఒక్కో తూటాకు సుమారు ఐదు వేసుకున్నా పౌనుకు 1,400 తూటాలు. నలభై డాలర్ల డబ్బా అంటే మందు ఖర్చు తూటాకు మూడు సెంట్లే. ప్రైమర్ ఎనిమిది, బుల్లెట్ పది. గొట్టం ఎలాగూ పాతదే. మొత్తం ఇరవై ఒకటి. కొట్లో కొత్త తూటా ఆ నెలలో ఇరవై ఏడు సెంట్లు.

అంటే మిగిలేది ఆరు సెంట్లు. ప్రెస్సు (తూటాలు నొక్కి బిగించే యంత్రం), డైలు (అందులో పెట్టే అచ్చులు), త్రాసు, తోమే మిషను అన్నీ కలిపి అల్లుడు పెట్టింది 900 డాలర్లు. అది రాబట్టాలంటే 15,000 తూటాలు నింపాలి. నెలకు 150 చొప్పున ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఇందులో కూలీ లెక్క లేదు. మా మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలో అయితే ఈ బేరం పొమ్మనేవాణ్ణి. నోటుబుక్కు చూపిస్తే నవ్వి, “పెద్ద సైజు తూటాలకైతే బాగా మిగులుతుంది మావయ్యగారూ, 9 ఎం.ఎం. కొట్లోనే చవక” అన్నాడు. మరెందుకు చేస్తున్నట్టు? రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి చేత్తో చేసే పని ఒకటుండాలట. అది నాకు లెక్క కంటే బాగా అర్థమైంది.

ఒక శనివారం రేంజిలో అద్దం ఇవతల నుంచి చూస్తున్నాను. వరసగా పేలుతున్నవి ఆగి, ఒకటి ‘టప్’ మంది, సీసా మూత తీసినట్టు. అల్లుడు ట్రిగ్గర్ మీంచి వేలు తీసేశాడు. పిస్టల్ విప్పి బ్యారెల్‌లోకి సన్నటి కడ్డీ పెడితే సగంలో ఆగిపోయింది. బుల్లెట్ లోపలే ఉంది. ఆ తూటాలో మందు పడలేదు, ప్రైమర్ ఒక్కటే తోసింది. ముందురోజు రాత్రి ప్రెస్సు మధ్యలో పట్టేసింది, అప్పుడే జరిగి ఉంటుంది. చప్పుడు తేడా గమనించక రెండోది కాల్చి ఉంటే? ఇరుక్కున్నదానికి తగిలి పిస్టలే పగిలి ఉండేదేమో. ఇంటికొచ్చి ఆ బ్యాచ్ మొత్తం విప్పేశాడు. తూకం వేసి కనిపెట్టలేమా అంటే, గొట్టాల బరువుల్లోనే ఆ మందంత తేడా ఉంటుందట.

ఇంత చూసినా గుంటూరు వచ్చాక పురుగు చావలేదు. ఇక్కడ .32 తూటాకు నేను ఇస్తున్నది వంద రూపాయలకు పైనే. అది కూడా లైసెన్సులో రాసినన్నే కొనాలి, అన్నే ఉంచుకోవాలి. అందుకే సంక్రాంతికి వస్తూ అల్లుడు “పాత చిన్న ప్రెస్సు ఖాళీగా ఉంది, సూట్‌కేసులో పెట్టుకు రానా? వట్టి ఇనుమే కదా” అంటే నోరూరింది. సరేననడానికి మాత్రం మనసొప్పలేదు. అరండల్‌పేటలో మా పాత వకీలు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన 1959 నాటి ఆయుధాల చట్టం తీసి రెండో సెక్షన్ దగ్గర వేలు పెట్టారు. ‘అమ్యునిషన్’ అంటే తూటా ఒక్కటే కాదు, దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా.

“ప్రెస్సు కూడానా అండీ?”

“చట్టం లెక్కలో మీ అల్లుడి ఇనుము కూడా తూటాయే. లైసెన్సు లేకుండా దేశంలోకి తేవడం ఒక కేసు. అయిదో సెక్షన్ కింద అనుమతి లేకుండా తయారుచేయడం ఇంకో కేసు. 2019 సవరణ తర్వాత దానికి ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా.”

ఏడాదికి ఇరవై తూటాల కోసం! ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు, కాఫీ ఇప్పించి పంపారు.

ఆ రాత్రే డాలస్‌కు ఫోన్ చేశాను. ప్రెస్సు వద్దన్నాను. పెట్టేయబోతూ, ప్రయాణానికి ఏ బ్యాగు తెస్తున్నారని అడిగాను. రేంజికి తీసుకెళ్ళే నల్ల బ్యాక్‌ప్యాకే అన్నాడు. అరలన్నీ దులిపి చూడండి అన్నాను. జిప్పులు తీస్తున్న చప్పుడు, కాసేపు ఏమీ లేదు.

“మావయ్యగారూ, ఖాళీ గొట్టాలు మూడున్నాయి. అడుగున ఒకటి నిండుది.”

9 ఎం.ఎం., మన దగ్గర మామూలు లైసెన్సు మీద కూడా ఇవ్వని సైజు. ఆ బ్యాగు అక్కడే వదిలేసి, అమ్మాయి కాలేజీ నాటి పాత బ్యాగుతో రమ్మన్నాను.