నాన్న మెడ స్కానింగ్

“బాబాయ్ గారూ, గడ్డం కొంచెం పైకెత్తి తల అటు తిప్పండి. కదలకండి.”

జెల్ చల్లగా తగిలేసరికి నాన్న ఉలిక్కిపడ్డారు. స్క్రీన్ మీద ఎరుపు, నీలం కనబడగానే “నీలం అంటే బ్లాకేనా?” అన్నారు. కాదట. రక్తం ప్రోబ్ (మెడ మీద ఆనించే స్కానింగ్ పరికరం) వైపు వస్తోందా, దూరంగా పోతోందా అని చెప్పే రంగులట అవి.

ఎడమవైపు మెడ ధమని రెండుగా చీలే చోట, గోడకి అంటుకుని చిన్న బుడిపె. 1.8 మిల్లీమీటర్లు. గోడ మందం 1.5 దాటితే ప్లాక్, అంటే గోడకి పేరుకున్న కొవ్వు, కిందే లెక్క. రక్తానికి అడ్డేమీ లేదు. కానీ మెడలో పేరుకున్నది గుండె నాళాల్లోనూ పేరుకుని ఉండొచ్చు కదా, టెన్షన్ అంతా అదే.

హెల్త్ ప్యాకేజీల్లో అందరికీ ఈ టెస్ట్ అంటగట్టడం నాకు నచ్చదు. గుండె రిస్క్ తేల్చడానికి ధమని గోడ మందం మామూలుగా కొలవక్కర్లేదని అమెరికా గుండె వైద్య సంఘాలే 2013లో చెప్పాయి. నాన్న సంగతి వేరు. షుగర్ ఉంది, పైగా కొలెస్ట్రాల్ మాత్ర వద్దని ఒకటే మొండి.

డాక్టర్ గారు ఎంత చెప్పినా వినని మనిషి, ఆ బుడిపె కళ్ళారా చూశాక రాత్రి తనే అడిగి మాత్ర వేసుకున్నారు. ఆవకాయ మానే ఊసు మాత్రం ఎత్తనివ్వడం లేదు.