యాభై లక్షల పెసరట్టు: నా అనుభవం

నిన్న సోమవారం. పొద్దున్న పదకొండింటికి నేనూ మా ఆవిడా ఇంట్లో కూర్చుని పెసరట్టు తిన్నాం. ఈ పెసరట్టు కోసం పదిహేను నెలలు ఆగాం. కడుపుమంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నాకు 43 ఏళ్లు. యాభైకి ఉద్యోగం మానేయాలని 2014లో అనుకున్నాను. నిజాంపేటలో అద్దె ఇల్లు, ఊళ్లో నాన్న కట్టిన ఇల్లు, నెలకి 45 వేలు ఖర్చు. పిల్లాడి చదువు డబ్బు వేరే ఖాతా, ఈ లెక్కలో కలపం. ఉద్యోగం మానడానికి ఏడాది ఖర్చుకి 25 రెట్ల డబ్బు ఉంటే చాలని అందరూ అంటుంటారు. ఆ లెక్కకి మూలం 1994లో విలియం బెంగెన్ అనే ఆయన అమెరికా మార్కెట్ల మీద వేసింది, అదీ 30 ఏళ్ల కాలానికి. యాభైకే ఇంట్లో కూర్చునేవాడికి 30 ఏళ్లు ఏం సరిపోతాయి? అందుకే నేను 35 రెట్లు పెట్టుకున్నాను. కోటీ 89 లక్షలు.

అంత అంకె చూస్తే ఎవడికైనా కాళ్లు వణుకుతాయి. అలిపిరి మెట్లెక్కేవాడు గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చుని మజ్జిగ తాగుతాడు కదా, మేమూ అలాంటి మజిలీలు పెట్టుకున్నాం. మొదటి లక్షకి పరమాన్నం. 2017లో పది లక్షలకి గ్రైండరు. ఆ ఆనందంలో నోరు జారి మా పెదనాన్న కొడుక్కి చెప్పాను. వారం తిరక్కుండా ప్లాటు కొంటున్నానని లక్షన్నర పట్టుకెళ్లాడు. ప్లాటు ఉంది, లక్షన్నర లేదు. మీరు మాత్రం అంకె ఎవరికీ చెప్పకండి, కన్నతల్లికైనా సరే. నేనిప్పుడు చెప్తున్నానుగా అంటారా, నేనెవరో మీకు తెలీదు కదా.

పాతిక లక్షలు 2020 జనవరిలో దాటాం. మా ఆవిడకి మంగళగిరి పట్టుచీర కొన్నాను. మార్చి 23న స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడింది. నెలాఖరుకి మా పాతిక కాస్తా ఇరవై దగ్గరికొచ్చింది. "ఏవండీ, చీర తిరిగిచ్చేద్దామా?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ రోజే రెండు రూల్స్ పెట్టింది. ఒకటి, గీత దాటాక వరసగా మూడు నెలాఖర్లు దాని పైనే ఉండాలి. రెండు, మనం తీసుకోగలిగే డబ్బే లెక్క. అప్పుడు నేను ఒక్క సిప్ కూడా (నెలనెలా మ్యూచువల్ ఫండులో వేసే వాయిదా) ఆపలేదు. మా ఆఫీసులో ఆపనివాణ్ని నేనొక్కణ్నే అనుకుంటా. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

అసలు గొడవంతా యాభై లక్షల దగ్గర మొదలైంది.

2024 మే నెలలో మా లెక్క 47 లక్షల చిల్లర. దానికి నా పాత కంపెనీ పీఎఫ్ 3 లక్షల 12 వేలు కలిపితే యాభై దాటుతుంది. నేను ఎగిరి గంతేశాను. మా ఆవిడ మాత్రం, "ఆ పాత పీఎఫ్ మీరు తీసుకోగలరా? తీసి చూపించండి" అంది.

తీయబోతే తెలిసింది. 2016లో ఆ కంపెనీ మానేసి కొత్తదాంట్లో చేరినప్పుడు పాత యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా ఒకటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు, ఇవ్వలేదు, అది నా బద్ధకం. కొత్త నంబరు పుట్టింది, ఆధార్ దానికి అంటుకుంది. పాత నంబరులో నేను మానేసిన తేదీ ఎక్కించలేదు, అది వాళ్ల బద్ధకం. పోనీ నేనే ఎక్కిద్దామంటే పాత నంబరుకి ఆధార్ లేదు. అన్నిటికన్నా ఘోరం పేరు. ఆధార్లో మా ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. పాత పీఎఫ్‌లో ఒక్క అక్షరమై చివరికి పోయింది. 'వెంకట'లో ఆఖరి 'ఏ' ఎగిరిపోయి 'వెంకట్' అయ్యాను. కంప్యూటరు దృష్టిలో మేమిద్దరం వేరు వేరు మనుషులం.

దీనికి మందు జాయింట్ డిక్లరేషన్, అంటే వివరాలు దిద్దమని ఇద్దరూ కలిసి ఇచ్చే కాగితం. నేనొక సంతకం, పాత కంపెనీ ఒక సంతకం. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో తీసుకున్న యూఏఎన్ అయితే 2025 జనవరి నుంచి కంపెనీ సంతకం లేకుండానే పేరు దిద్దుకోవచ్చు. నాది అంతకన్నా ముందుది. అదృష్టం కొన్నేళ్ల తేడాతో తప్పిపోయింది.

పదకొండు మెయిళ్లు పెట్టాను. జవాబు లేదు. ఆగస్టులో సెలవు పెట్టి వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి, ఎవర్ని కలవాలంటే హెచ్ఆర్ అన్నానని, రిజిస్టరులో పని దగ్గర 'ఇంటర్వ్యూ' అని రాసేశాడు. ఏడేళ్లు పనిచేసిన చోటు. మెడలో 'విజిటర్' అట్ట వేసుకుని, మంచినీళ్ల క్యాను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు కూర్చున్నాను. ఆ క్యాను నిమిషానికోసారి గుడగుడమంటుంది. నా కింద ట్రైనీగా చేరినవాడు ఇప్పుడక్కడ పెద్ద హోదాలో ఉన్నాడు. నలుగురు క్లయింట్లతో అటు వెళ్తూ ఆగి, "అన్నా! మళ్లీ మా దగ్గరికే వస్తున్నావా? రెజ్యూమె నాకు పంపు, చూస్తా" అని భుజం తట్టాడు. పీఎఫ్ కోసం వచ్చానని చెప్పేలోపే లిఫ్టు మూసుకుంది.

చివరికి హెచ్ఆర్ కుర్రాడు వచ్చాడు, పాతికేళ్లుంటాయేమో. పాత ఫైళ్లు గోడౌనులో ఉన్నాయన్నాడు. మళ్లీ రమ్మన్నాడు. దసరా అయ్యాక వెళ్లాను, సంక్రాంతికి ముందు వెళ్లాను. మూడోసారి కాగితం చూసి, హాల్లో అందరికీ వినబడేలా, "మూడు లక్షల కోసం ఇన్నిసార్లు తిరుగుతున్నారా సర్?" అన్నాడు.

నాకు ఏమనాలో తోచలేదు. బండి దగ్గరికొచ్చాక జవాబు తట్టింది. మూడు లక్షల పన్నెండు వేలంటే మా ఇంటికి ఏడు నెలల తిండీ అద్దే కరెంటూనూ. యాభై ఏళ్ల వయసులో ఏడు నెలలు ఎవడి గేటు దగ్గరా అట్ట మెడలో వేసుకోకుండా బతకొచ్చు. వాడికి చెప్పినా అర్థం కాదు, వాడి చేతిలో ఫోను ఖరీదే లక్ష దాటి ఉంటుంది, అదీ ఈఎంఐలో.

ఈలోగా సిప్‌లే యాభై దాటించేస్తాయి కదా అనుకున్నాను. 2024 సెప్టెంబరు ఆఖర్లో ఇంకో మార్కెట్ సూచీ నిఫ్టీ 26 వేల పైన ఉంది. మాదీ 49న్నర దాకా ఎగబాకింది. అక్కణ్నించి దిగడం మొదలుపెట్టి ఫిబ్రవరి ఆఖరుకి నిఫ్టీ 22 వేల చిల్లరకి వచ్చింది. నెలనెలా నేను వేస్తున్నది వేస్తున్నట్టే కరిగిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

నేను మొదటే చేయాల్సిన పని ఫిబ్రవరిలో చేశాను. పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్లో కంప్లయింటు పెట్టి, అపాయింట్‌మెంట్ లెటరు, రిలీవింగ్ లెటరు, మూడు పేస్లిప్పులు, పదకొండు మెయిళ్లు జతచేశాను. మూడు వారాల్లో ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. "సర్, ఎక్కడున్నారు సర్? సంతకానికి మీరు రానక్కర్లేదు సర్, మేమే మనిషిని పంపిస్తాం." గోడౌనులో ఉన్న ఫైలు ఒక్క పూటలో దొరికింది! అయినా ఒకసారి వెనక్కి తిరిగొచ్చింది, కంపెనీ ముద్రలో పాత అడ్రసు ఉందని. మళ్లీ కొట్టించారు. కాబట్టి మర్యాదగా తిరగకండి. రెండు మెయిళ్లకి పలక్కపోతే మూడోది ఫిర్యాదే. మానేసిన చోట మీ తేదీ ఎక్కించారో లేదో ఈ రాత్రే చూసుకోండి.

ఆ తర్వాత ఫారం 13 అనే బదిలీ దరఖాస్తు పది నిమిషాల పని. మే నెలలో డబ్బంతా కొత్త ఖాతాకి వెళ్లి, పాత పాస్‌బుక్కులో సున్నా కనబడింది. సున్నా చూసి అంత సంతోషపడింది జీవితంలో అదే మొదటిసారి. మే, జూన్, జూలై, మూడు నెలాఖర్లూ యాభై పైనే.

ఏం కావాలని మా ఆవిణ్ని అడిగాను. గొలుసో, ఊటీయో అడుగుతుందనుకున్నాను. "ఒక సోమవారం కావాలి" అంది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పకుండా, పనేమీ పెట్టుకోకుండా, ఒక సోమవారం ఇంట్లో ఉండాలట.

నిన్న పిల్లాణ్ని బడికి పంపించి, ఆ పది లక్షల గ్రైండరులోనే పెసలు రుబ్బింది. తొమ్మిదిన్నరకి కింద క్యాబులు, బస్సులు, హారన్లు. పదకొండుకి వీధంతా చప్పుడు లేదు. పని రోజున మా వీధి అలా ఉంటుందని నాకు తెలీనే తెలీదు. రెండో అట్టు పెనం మీద ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేను లేవబోయాను. నాకన్నా ముందు ఆవిడ లేచి, దాన్ని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. లోపల్నుంచి కాసేపు గురగురమంది.

"అల్లం పచ్చడి ఇంకొంచెం వేయనా?" అంది.