సభ్యత్వ సంఖ్యలో చివరి అంకె

గత నెలలో ఒక శనివారం సాయంత్రం విజయవాడలోని ఒక గ్రంథాలయంలో కౌంటర్ పక్కన కూర్చుని కేటలాగు సాఫ్ట్‌వేర్‌లో చిన్న సవరణ చేస్తున్నాను. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి తన ఫోను నా ముందు పెట్టి, "సర్, ఇది నా పేజీ కాదండి, వేరే వాళ్ల పుస్తకాలు కనిపిస్తున్నాయి" అన్నది. పేజీ చిరునామాను చేత్తో టైపు చేస్తూ సభ్యత్వ సంఖ్య చివర 7కు బదులు 8 కొట్టిందట. తెర మీద మరొక సభ్యుడి పేరు, ఫోన్ నంబరు, కట్టవలసిన జరిమానా, ఆయన ఇంతవరకు తీసుకున్న పుస్తకాల జాబితా అన్నీ ఉన్నాయి. ఆ జాబితాలో మధుమేహం మీద రెండు, విడాకుల చట్టం మీద ఒకటి కనబడగానే ఫోను బోర్లా పెట్టేశాను.

ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారిలో నేనూ ఒకణ్ణి. కారణం వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. లాగిన్ అయిన వ్యక్తి సభ్యుడేనా అని ప్రతి పేజీలోనూ చూస్తున్నాము గాని, అడుగుతున్న రికార్డు ఆ సభ్యుడిదేనా అని ఎక్కడా చూడలేదు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2017 జాబితాలో ఐదో స్థానంలో ఉంచిన ఈ తరహా లోపాన్ని 2021లో మొదటి స్థానానికి చేర్చింది.

వరుస సంఖ్యలు తీసేసి, ఎవరూ ఊహించలేని పొడవైన సంకేతాలు పెడదామని మా మిత్రుడు సూచించాడు. నేను ఒప్పుకోలేదు. ఆ సంకేతం వాట్సాప్‌లో ఎవరికైనా పంపిన లింకులోనో, నెట్ సెంటర్ కంప్యూటర్ హిస్టరీలోనో మిగిలిపోతే, చేతికి చిక్కినవారికి రికార్డు మళ్లీ తెరుచుకుంటుంది. అందుకే సభ్యుడి పేజీలన్నిటిలోనూ సంఖ్యను చిరునామా నుంచి తీసుకోవడం మానేసి, లాగిన్ అయినది ఎవరో సర్వర్ తన దగ్గర గుర్తుపెట్టుకునే సెషన్ నుంచే తీసుకునేలా మార్చాము.

రిజర్వేషన్ రద్దు దగ్గర ఇది సరిపోలేదు, ఎందుకంటే రిజర్వేషన్‌కు దానిదంటూ వేరే సంఖ్య ఉంటుంది. గ్రూప్స్ పరీక్షల పుస్తకాల కోసం వారాల తరబడి ఎదురుచూస్తున్నవాళ్ల రిజర్వేషన్‌ను ఆ సంఖ్య తెలిసిన ఏ సభ్యుడైనా రద్దు చేయగలిగే స్థితి ఉండేది. ఇప్పుడు డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలోనే "ఈ సంఖ్య గల రిజర్వేషన్, ఈ సభ్యుడిదే అయితే" అన్న షరతు చేర్చాము. ఆ సభ్యుడిది కాకపోతే, "అలాంటిదేమీ లేదు" అని చెప్పే 404 సంకేతం వస్తుంది. "మీకు అనుమతి లేదు" అనే 403 ఇస్తే ఆ సంఖ్యతో ఒక రికార్డు ఉందని మనమే చెప్పినట్టవుతుంది. సిబ్బంది విషయంలోనూ, కౌంటర్‌లో ఉన్నవారికి సభ్యుల వివరాలు దిద్దే బటన్‌ను దాచాము గాని, ఆ అభ్యర్థనను నేరుగా పంపితే సర్వర్ అంగీకరించేది. ఇప్పుడు అనుమతి స్పష్టంగా రాసి లేని ప్రతి పనినీ సర్వరే నిరాకరిస్తుంది. రెండు సభ్యత్వాలు సృష్టించి, ఒకదానితో లాగిన్ అయి రెండోదాని రికార్డులను అడిగే పరీక్షలు రాసి, ప్రతి మార్పు తర్వాత నడుపుతున్నాము.

1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో గ్రంథాలయ మహాసభ జరిగిన ఊరిది. ఇక్కడ ఒక మనిషి ఏం చదువుతున్నాడో పక్కవాడికి తెలియడం నాకు చాలా బాధ కలిగించింది. అసలు అంత పాత జాబితా మా దగ్గర ఎందుకుండాలని లైబ్రేరియన్ మేడమ్ గారు అడిగిన ప్రశ్న నా సవరణలన్నిటికంటే విలువైనది. 2000లో న్యూజిలాండ్‌లో వాడుకలోకి వచ్చిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో, గ్రంథాలయం వీలు కల్పిస్తే, తాను తీసుకున్న పుస్తకాల చరిత్రను ఉంచాలో తీసేయాలో సభ్యుడే ఎంచుకోవచ్చు. మేము ఇంకొంచెం ముందుకు వెళ్లి, పుస్తకం తిరిగి వచ్చి జరిమానా తీరిపోగానే సభ్యుడికీ పుస్తకానికీ ఉన్న ముడి తెంచేస్తున్నాము. ఎన్నిసార్లు ఇష్యూ అయిందన్న లెక్క మాత్రం మిగులుతుంది.

జరిగినది దాచకుండా మేడమ్ గారు నోటీసు బోర్డులో పెట్టి, చివర 8 ఉన్న ఆ సభ్యుడికి స్వయంగా ఫోను చేసి చెప్పారు. పాత బ్యాకప్‌లలో ఆ జాబితాలు ఇంకా ఉన్నాయి, వచ్చే ఆదివారం ఇద్దరం కూర్చుని వాటిని తీసేస్తాము.