థాయ్ చిల్లర ఏరివేత, ఐదో విడత: అంకె మీది మెలిక

గత శనివారం రాత్రి పదకొండు గంటల నుంచి ఒంటిగంట వరకు, థాయ్ నాణేల్లో ఎవరి కంటా పడని ఒక అపూర్వమైన రకం నాకు దొరికిందని, అది కూడా ఒకటి కాదు, ఏకంగా పదిహేడు దొరికాయని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఆదివారం ఉదయం పది రెట్ల భూతద్దం ఆ నమ్మకాన్ని నిమిషంలో తుడిచిపెట్టింది. ఆ రెండు గంటల ఆనందానికి, దాని ముందు నాలుగు వారాల విసుగుకు కారణం ఒక్కటే కాబట్టి, ఈ విడత రాత అంతా ఇరవై ఐదు సతాంగ్ (బాట్‌లో నూరో వంతు ఒక సతాంగ్) నాణెం చుట్టూనే తిరుగుతుంది. కొత్తగా చదివేవారికి ఒక మాట: ఇక్కడ బ్యాంకాక్‌లో దొరికే చిల్లరను ముందు విలువల వారీగా, తర్వాత పాత లోహం, కొత్త లోహం అని వేరుచేయడమే ఈ ఏరివేత.

మిగిలిన విలువల సంగతి ముందుగా చెప్పి ముగిస్తాను. నాణేలను వ్యాసాన్ని బట్టి వేరుచేసే ఆక్రిలిక్ కన్నాల పలక బాగా పనిచేస్తున్నది. 16, 18, 20, 21.75, 24, 26 మిల్లీమీటర్ల కొలతల్లో ఆరు విలువలూ ఎక్కడివక్కడ పడుతున్నాయి. ఒక బాట్ నాణేల్లో పాతవి 3.4 గ్రాముల రాగి-నికెల్ మిశ్రమం, కొత్తవి 3 గ్రాముల నికెల్ పూత పూసిన ఉక్కు కాబట్టి అయస్కాంతం చూపితే కొత్తవి అంటుకుంటాయి, పాతవి కదలవు. రెండు బాట్ల నాణెం దీనికి సరిగ్గా తలకిందులు. 2005లో ఉక్కుతో తెల్లగా వచ్చిన ఆ నాణెం చూపుకు ఒక బాట్‌లాగే ఉండి జనాన్ని తికమక పెట్టడంతో, 2009 ఫిబ్రవరిలో దాన్ని అల్యూమినియం కంచుతో పసుపు రంగులోకి మార్చారు. అందువల్ల అక్కడ అయస్కాంతానికి అంటుకునేది పాతది, అంటుకోనిది కొత్తది. ఐదు బాట్లలో ఏదీ అంటుకోదు, పాతది 7.5 గ్రాములు, కొత్తది 6 గ్రాములు కనుక అక్కడ తూకమే తేలుస్తుంది. పది బాట్ల జోలికి ఇంకా వెళ్లలేదు.

ఇక పావలా. దీన్ని పావలా అనడం నా చమత్కారం కాదు. నాలుగు సలుంగ్‌లు ఒక బాట్ అనే పాత లెక్క ఇక్కడ ఇప్పటికీ మాటల్లో బతికే ఉంది, ఇరవై ఐదు సతాంగ్ అంటే ఒక సలుంగ్. మన పావలా 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయింది కానీ, బ్యాంకాక్ సూపర్ మార్కెట్లలో బిల్లు చివర ఈ సలుంగ్ ఇంకా చేతికి వస్తూనే ఉంది. వీధి బండ్ల దగ్గర మాత్రం దాన్ని ఎవరూ ఆశించరు. మా సందు చివర కొట్టు నడిపే ఆవిడను నేను ఇక్కడి మర్యాద ప్రకారం ‘పీ’ అని, అంటే అక్కా అని, పిలుస్తాను. ఆమె ఏళ్ల తరబడి కాఫీ పొడి డబ్బాలో పడేసిన సలుంగ్‌లను నేను నోట్లిచ్చి తీసుకుంటానన్నప్పుడు, మళ్లీ మనసు మార్చుకుంటానేమోనన్న తొందరలో డబ్బాతో సహా ఇచ్చేసింది.

ఆ డబ్బాలో నుంచి 2018 ఏప్రిల్ 6న విడుదలైన పదో రామ రాజు (ఇప్పటి థాయ్ రాజు) నాణేలను మొదటే తీసేశాను. వాటి వెనుక గుడి బొమ్మకు బదులు రాజ చిహ్నం ఉంటుంది కాబట్టి పరీక్ష అక్కర్లేదు. ఎర్రగా మెరిసే రాగిపూత నాణేలనూ చేత్తోనే వేరు చేశాను. చివరికి మిగిలినవి 240, అన్నీ ఆయన తండ్రి తొమ్మిదో రామ రాజు కాలానివి, అన్నీ చెమటకు, తేమకు ఒకే రకమైన మట్టి గోధుమ రంగులోకి తిరిగినవి. వీటిలో పాతవి అల్యూమినియం కంచు, 2009 వరుస నుంచి వచ్చినవి రాగిపూత పూసిన ఉక్కు. రెండూ 16 మిల్లీమీటర్లే, రెండూ 1.9 గ్రాములే. రెండు లోహాల సాంద్రతలు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల మందంలోనూ నమ్మదగిన తేడా దొరకదు. నా మిటుటొయో కంపెనీ కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) నలభై నాణేలు కొలిచి చూశాను. ఆ పరికరం మీద నాకు ఎంత గౌరవమున్నా, అరిగిన అంచుల మీద అది చూపే వందో వంతులతో ఏ నిర్ణయమూ చేయలేమని ఒప్పుకోక తప్పలేదు. అందువల్ల మిగిలిన దారి అయస్కాంతం ఒక్కటే.

చేత్తో ఒక్కొక్క నాణేన్ని అయస్కాంతానికి చూపడం నాకు నచ్చదు. అందుకే 300 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఒక జారుడు పలక చేశాను. దాని కింద కుడి అంచుకు 10 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం గల నియోడిమియం అయస్కాంతపు బిళ్లను అమర్చాను. ఉక్కు నాణెం కుడికి లాగబడి కుడి గిన్నెలో, కంచు నాణెం తిన్నగా జారి ఎడమ గిన్నెలో పడాలి. బిళ్లకు, నాణెం జారే తలానికి మధ్య దూరం 5 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు ఉక్కు నాణేలన్నీ అక్కడే అతుక్కుపోయాయి. 9 మిల్లీమీటర్లకు సుమారు సగం ఆగిపోయాయి. 17కు అన్నీ అయస్కాంతం లేనట్టే తిన్నగా జారిపోయాయి. చివరికి 13 మిల్లీమీటర్ల దూరం, 35 డిగ్రీల వాలు దగ్గర కుదిరింది. చాలామంది ఎన్ 52 రకం బిళ్ల కొనమంటారు గానీ, ఈ పనికి అది అనవసరమైన బలం. దూరం పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది, పలక ఒళ్లు పెరుగుతుంది. బలం తక్కువైన ఎన్ 35 రకం చాలు.

మొదటిసారి 240 నాణేలనూ పలక మీద వదిలినప్పుడు 151 కుడి గిన్నెలో, 89 ఎడమ గిన్నెలో పడ్డాయి. సరిచూసుకోవడానికి సంవత్సరాలు చదివాను. సంవత్సరం గుడి బొమ్మ ఉన్న వైపే ఉంటుంది కనుక అన్నిటినీ రాజు బొమ్మ కిందికి పెట్టి వరుసల్లో పేర్చాను. థాయ్ నాణేల మీద బౌద్ధ శకం ఉంటుంది, అందులోంచి 543 తీసేస్తే మన సంవత్సరం వస్తుంది. 2009 వరుసలోని తొలి నాణేల మీద 2551, అంటే 2008, ఉంటుంది కాబట్టి, నా లెక్క ప్రకారం 2551కి ముందు ఉక్కు ఉండకూడదు. కానీ కుడి గిన్నెలో 21 నాణేల మీద 2541, 2543, 2547 లాంటి పాత సంవత్సరాలు కనిపించాయి. ఎడమ గిన్నెలోనేమో ఆరింటి మీద కొత్త సంవత్సరాలు కనిపించాయి. మొత్తం 27 తప్పులు, అంటే వందకు పదకొండు. ఇంత తప్పు చేసే యంత్రానికీ బొమ్మాబొరుసుకూ ఎంతో దూరం లేదనిపించింది.

నాలుగు వారాలు ఆ పలకనే అనుమానించాను. వాలును 32 నుంచి 40 డిగ్రీల వరకు రెండేసి డిగ్రీల చొప్పున మార్చాను. వానాకాలపు తేమ వల్ల ఆక్రిలిక్ మీద నాణేలు పట్టుకుంటున్నాయేమోనని ఏసీ వేసి, తలాన్ని ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ వదిలాను. ఉక్కు నాణేలు మునుపటి ప్రయత్నాల్లో కొంత అయస్కాంత గుణాన్ని నిలుపుకుని ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయేమోనని ఊహించి, రెండు ఉక్కు నాణేలను దారాలతో పక్కపక్కన వేలాడదీసి చూశాను. అవి ఒకదాని ముఖం ఒకటి చూడలేదు. ప్రతిసారీ తప్పుల సంఖ్య 24కూ 29కూ మధ్యనే ఊగింది. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఎన్నిసార్లు వదిలినా తప్పుగా పడేవి చాలావరకు అవే నాణేలు.

శనివారం రాత్రి చివరికి చేత్తోనే అయస్కాంతం పట్టాను. కుడి గిన్నెలోని ఆ 21 నాణేల్లో పదిహేడు టక్కున అంటుకున్నాయి. అంటే పలక తప్పు చేయలేదు. అంటే 2541లో, ఉక్కు వరుసకు పదేళ్ల ముందే, ముద్రణాలయం ఉక్కుతో ప్రయోగాలు చేసి వాటిని చెలామణిలోకి జారవిడిచి ఉండాలి. పది బాట్ల నాణెం 2533లో కేవలం వంద మాత్రమే ముద్రించారని, అది దొరికితే అదృష్టమేనని సేకర్తలందరికీ తెలుసు. అలాంటి ఘనత సందు చివరి కాఫీ పొడి డబ్బాలో నాకోసం కాచుకుని ఉందనుకున్నాను. నాణేలు దాచుకోవడానికి లైట్‌హౌస్ కంపెనీ చేసే పదహారు మిల్లీమీటర్ల గుండ్రటి డబ్బీలు పదిహేడు తీసి, ఒక్కొక్క నాణేన్నీ అందులో బంధించి, ఏ వరుసలో పెట్టాలో కూడా నిర్ణయించుకుని పడుకున్నాను.

ఉదయం ఫోటో తీద్దామని ఒక డబ్బీ తెరిచి, దీపాన్ని బాగా వాల్చి, భూతద్దం పెట్టాను. థాయ్ అంకెల్లో నాలుగు, ఐదు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఐదుకు పైభాగాన ఒక చిన్న మెలిక అదనం, అంతే తేడా. అరిగిన సలుంగ్ మీద ఆ మెలిక వెంట్రుక మందం కూడా ఉండదు, పైగా అందులో మట్టి కూరుకుపోతుంది. పైనుంచి నేరుగా పడే వెలుగులో అది కనిపించలేదు, వాలు వెలుగులో నీడ పడగానే తేలింది. 2541 అని నేను చదివింది 2551. అంటే 2008. అక్కడ ఉక్కు ఉండటంలో వింతేమీ లేదు. పంచాంగాల్లో మన ౧, ౨, ౩లు చదివిన అలవాటుతో, దక్షిణ భారత లిపుల నుంచే దిగివచ్చిన ఈ అంకెలు నాకు చుట్టాలేనని అనుకుని అతివిశ్వాసానికి పోయాను. నాణేన్ని ఒక్కసారి తిప్పి చూసినా సరిపోయేది, 2009 వరుసలో రాజుగారి ముఖచిత్రాన్ని వయసుకు తగ్గట్టు మార్చారు. నేను మాత్రం ఆయన ముఖాన్ని నాలుగు వారాల పాటు బల్లకు ఆనించి ఉంచాను.

ఇందులోంచి పనికొచ్చే కిటుకు ఒకటి దొరికింది. ఈ నాణేలన్నిటి మీదా సంవత్సరం ఇరవై ఐదు వందలతోనే మొదలవుతుంది కాబట్టి, రెండో అంకె ఎప్పుడూ ఐదే. మూడో అంకె నాలుగా, ఐదా అనిపించినప్పుడు దాన్ని విడిగా చదవకుండా పక్కనున్న రెండో అంకెతో పోల్చాలి. కవలల్లా ఉంటే 2550ల దశాబ్దం, తేడా ఉంటే 2540లది. అరుగుదల రెండిటికీ దాదాపు సమానంగానే ఉంటుంది కనుక ఈ పోలిక మోసం చేయదు. ఈ పద్ధతిలో 240 నాణేలనూ మళ్లీ చదివితే, కుడి గిన్నెలో పదిహేడు, ఎడమ గిన్నెలో నాలుగు, మొత్తం ఇరవై ఒక్క తప్పులు నా కళ్లవేనని తేలింది.

మిగిలిన ఆరు నిజంగా పలకవే. నాలుగు కంచు నాణేలు కుడికి వెళ్లాయి, రెండు ఉక్కు నాణేలు ఎడమకు వెళ్లాయి. ఆ ఆరింటినీ విడిగా పదేసిసార్లు వదిలితే ఒక్కటీ తప్పలేదు. కాబట్టి లోపం నాణెంలో లేదు, మందలో ఉంది. కుడికి లాగబడుతూ నెమ్మదించిన ఉక్కు నాణేన్ని వెనుక నుంచి వచ్చినది గుద్ది, తనతో పాటు దాన్ని తోసుకుపోవడమో, తానే పక్కకు తప్పుకోవడమో జరుగుతున్నదని నా ఊహ. రెండు సెకన్లకు ఒకటి చొప్పున వదిలితే 240లో ఒక్క తప్పే వచ్చింది. కానీ దానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. చేత్తో అయస్కాంతం పట్టి ఏరితే పదకొండు నిమిషాలు. మూడు నిమిషాల కోసం నాలుగు వారాలు పెట్టానన్న లెక్కను మా ఆవిడ ఇప్పటికే చేసి చెప్పింది.

నాణేలను ఒకటొకటిగా వదిలే తిరుగుడు పళ్లెం తర్వాతి పని. దానికి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే మోటార్లు నాకు నమ్మకం కలిగించడం లేదు. రెండు సెకన్ల లయ పట్టుకోవాలంటే పాత గోడగడియారం పళ్లచక్రమే మేలనిపిస్తున్నది. యాభై సతాంగ్‌దీ ఇదే సమస్య, అక్కడా లోహం మారింది గానీ 18 మిల్లీమీటర్ల కొలత, 2.4 గ్రాముల బరువు మారలేదు. బిళ్ల దూరం మళ్లీ కొలవాలి, 12 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెడతాను. ఐదు బాట్లకు మాత్రం అయస్కాంతం లేకుండా, ఆరున్నర గ్రాములకు పైబడితే వంగే చిన్న ఊగుడు పలక చాలు. కాఫీ పొడి డబ్బాను శుభ్రం చేసి తిరిగి ఇచ్చేశాను, ‘పీ’ అప్పుడే అందులో కొత్త సలుంగ్‌లు వేయడం మొదలుపెట్టింది.