59 ఏళ్లకు వలస వచ్చి లార్డు అయిన పేపర్ల ఓనరు

యూకేలో చాలాకాలంగా ఉంటున్న మనవాళ్లకు థామ్సన్ అనగానే స్పెయిన్ హాలిడే ప్యాకేజీలు గుర్తొస్తాయి. 2017లో ఆ పేరు తీసేసి టీయూఐ అని పెట్టారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి వచ్చినవాళ్లకైతే థామ్సన్ రాయిటర్స్ గుర్తొస్తుంది. రెండు పేర్లకూ మూలం ఒకడే: రాయ్ థామ్సన్. 1964 నుంచి లార్డ్ థామ్సన్ ఆఫ్ ఫ్లీట్. లండన్ పేపర్లు టైమ్స్, సండే టైమ్స్ రెండూ ఒకప్పుడు ఆయనవే. బ్రిటిష్ లార్డు అంటే తాతల నాటి కోట, వేటకుక్కలు ఊహించుకుంటాం. ఈయన మాత్రం వలస మనిషి. టొరంటోలో మంగలి పని చేసుకునే ఆయన కొడుకు, 14 ఏళ్లకే బడి మానేశాడు. బ్రిటన్‌లో కాపురం పెట్టేసరికి వయసు 59.

వీసా సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే. ఆయన వచ్చింది 1953లో. 1948 నాటి జాతీయతా చట్టం కింద కామన్‌వెల్త్ దేశాల వాళ్లెవరైనా నేరుగా వచ్చి పని చేసుకోవచ్చు. కెనడా వ్యాపారికీ, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ నుంచి వచ్చే డాక్టరుకీ ఒకటే రూలు. స్పాన్సర్ అక్కర్లేదు, జీతం హద్దు లేదు. 1962 జులైలో పనికి ముందే అనుమతి కావాలనే వోచర్ల పద్ధతి పెట్టాక ఆ తలుపు మూసుకుంది.

కెనడాలో ఆయన మొదలుపెట్టింది రేడియోలు అమ్మడంతో. అంతకుముందు సస్కాచెవాన్‌లో వ్యవసాయం చేసి నష్టపోయాడు, మోటారు విడిభాగాల వ్యాపారమూ దెబ్బతింది. ఒంటారియో ఉత్తరాన నార్త్ బే అనే ఊళ్లో సిగ్నల్ సరిగా అందదు. వినడానికి ఏమీ లేకపోతే రేడియో ఎవరు కొంటారు? అందుకని 1931లో తానే స్టేషన్ పెట్టాడు. టిమిన్స్ ఊళ్లో ఇంకో స్టేషన్ పెట్టి, 1934లో అక్కడి చిన్న పేపరును 200 డాలర్లు ముందుగా కట్టి, మిగతాది వాయిదాల్లో తీసుకున్నాడు. పేపరు అంటే ఆయన దృష్టిలో ప్రకటనల స్థలం అమ్మే వ్యాపారం. ప్రకటనల మధ్య ఖాళీ నింపడానికి వేసేదే వార్త అని ఎవరి ముందైనా అనేవాడు. ఎడిటర్లకు ఒళ్లు మండేది. కానీ లెక్క విషయంలో ఆయన మాట తప్పు కాదు. అప్పటి పేపర్లలో పాఠకుడిచ్చే పైసలు కాగితానికీ అచ్చుకూ సరిగా చాలేవి కావు.

1951లో భార్య పోయింది. 1953లో కెనడా పార్లమెంటుకు నిలబడి ఓడిపోయాడు. అదే ఏడు ఎడిన్‌బరోలో ఫిండ్లే కుటుంబం చేతిలో ఉన్న స్కాట్స్‌మన్ పేపరు కొన్నాడు. ఎడిన్‌బరో పెద్దమనుషులు ఆయన్ని ఇళ్లకు పిలవలేదు. ఆయనకు పనికొచ్చింది వేరే సంగతి. ఆ పేపరు మొదటి పేజీ నిండా వరుస ప్రకటనలే (క్లాసిఫైడ్లు) ఉండేవి, వార్తలు లోపలెక్కడో. 1957లో వార్తలను మొదటి పేజీకి తెచ్చారు. ప్రకటనల మనిషి మొదటి పేజీ ప్రకటనలు తీసేయడమేంటని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. చిన్న అక్షరాల వరుస ప్రకటన లోపలి పేజీలో ఉన్నా వెతుక్కునేవాడు వెతుక్కుంటాడు. మొదటి పేజీలో వార్త ఉంటే స్టాండు దగ్గర పేపరు అమ్ముడుపోతుంది, పెద్ద కంపెనీల డిస్‌ప్లే ప్రకటనలకు రేటు పెరుగుతుంది.

ప్రతి పేపరుకూ ఏడాది బడ్జెట్ ముందే రాయాలి: న్యూస్‌ప్రింట్, జీతాలు, ఫోన్లు, రిపోర్టర్ల ప్రయాణాలు. తర్వాత అంచనా ఎంత, అయ్యింది ఎంత, తేడా ఎందుకు అని మేనేజర్‌ని అడుగుతాడు. ఏం రాశారని మాత్రం ఎడిటర్‌ని అడగడు. డబ్బుతో గానీ పలుకుబడితో గానీ తన పేపర్ల సంపాదకీయ మద్దతు ఎవరూ కొనలేరని అచ్చేసిన కార్డు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ఎవరైనా మంత్రో వ్యాపారో ఫలానా వార్త ఆపించమంటే కార్డు తీసి చూపించేవాడు. ఇది వట్టి మాట కాదు. 1972లో సండే టైమ్స్ ఎడిటర్ హారాల్డ్ ఎవాన్స్ గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మందు బాధితుల కోసం, ఆ మందు అమ్మిన డిస్టిలర్స్ కంపెనీ మీద పోరాటం మొదలుపెట్టాడు. ఆ పేపరుకు పెద్ద ప్రకటనదారుల్లో డిస్టిలర్స్ ఒకటి. థామ్సన్ అడ్డు చెప్పలేదు. ఈ ఒక్క విషయంలో ఆయన ఫ్లీట్ స్ట్రీట్‌లోని, అంటే లండన్ పేపర్ల వీధిలోని, పుట్టుకతో దొరలైన ఓనర్లందరి కంటే మెరుగని నా అభిప్రాయం.

అసలు డబ్బు వచ్చింది టీవీ నుంచి. ఆయన పెట్టిన స్కాటిష్ టెలివిజన్ 1957 ఆగస్టు 31న గ్లాస్గో థియేటర్ రాయల్ నుంచి మొదలైంది. వాటాలు తీసుకోమని స్కాట్లండ్ డబ్బున్నవాళ్లను అడిగితే ముందుకొచ్చినవాళ్లు తక్కువ. చివరికి 80 శాతం ఆయన దగ్గరే మిగిలింది. ఖర్చు ఎక్కడ తగ్గిందంటే, సాయంత్రం చూపించే పెద్ద కార్యక్రమాలు చాలావరకు ఇంగ్లండ్ కంపెనీలవి. సొంతంగా తీసేవి వన్ ఓ'క్లాక్ గ్యాంగ్ లాంటి చౌక మధ్యాహ్నపు వినోదాలు. టీవీ ప్రకటనల డబ్బు మాత్రం మధ్య స్కాట్లండ్ మొత్తం మీద ఈ ఒక్క కంపెనీకే. అప్పుడే, టీవీ లైసెన్సు అంటే సొంతంగా నోట్లు అచ్చేసుకునే లైసెన్సు అని నోరు జారాడు. ఆ మాట ప్రభుత్వం చెవిన పడకుండా ఉంటుందా? 1964 నుంచి టీవీ కంపెనీల ప్రకటనల ఆదాయం మీద లెవీ అనే ప్రత్యేక పన్ను వేశారు. తర్వాత ఆయన వాటా కూడా తగ్గించుకోమన్నారు. లాభం ఎంతొస్తోందో బయట చెప్పుకుంటే ఏమవుతుందో ఇక్కడ దుకాణం నడిపే మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

1959లో సండే టైమ్స్, దానితో పాటు ఊరూరి పేపర్లున్న కెమ్స్‌లీ కంపెనీ అమ్మకానికొచ్చింది. థామ్సన్ చేతిలో అంత నగదు లేదు. దారి చూపించింది సిగ్మండ్ వార్‌బర్గ్, హిట్లర్ కాలంలో జర్మనీ నుంచి వచ్చి లండన్‌లో బ్యాంకు పెట్టుకున్న ఇంకో వలస మనిషి. థామ్సన్ టీవీ వాటాలను కెమ్స్‌లీ కంపెనీయే కొంటుంది. డబ్బుకు బదులు తన కొత్త షేర్లు ఇస్తుంది. ఆ షేర్లతో ఆ కంపెనీలోనే థామ్సన్‌కి పెత్తనం వస్తుంది. కెమ్స్‌లీ కుటుంబం షేర్లకు మాత్రం బ్యాంకు అప్పు తెచ్చి కట్టాడు. కాగితం మీద చూస్తే పెద్ద కంపెనీ చిన్నదాన్ని కొన్నట్టుంటుంది, జరిగింది దానికి తలకిందులు. ఇప్పుడు రివర్స్ టేకోవర్ అంటున్నది ఇదే.

1962 ఫిబ్రవరి 4న సండే టైమ్స్‌తో పాటు రంగుల మ్యాగజైన్ వేశాడు. వార్తల పేజీ ఆ రాత్రికి సిద్ధమైతే సరిపోతుంది. మ్యాగజైన్‌కు వాడే గ్రావ్యూర్ అనే అచ్చు పద్ధతికి సిలిండర్లు చెక్కాలి కాబట్టి పేజీలు వారాల ముందే వెళ్లిపోవాలి, ఆఖరి నిమిషంలో మార్పంటే కుదరదు. మొదట్లో ప్రకటనలు రాక నష్టం వచ్చింది, ఫ్లీట్ స్ట్రీట్ అంతా వెక్కిరించింది. 1964 కల్లా అబ్జర్వరూ టెలిగ్రాఫూ కూడా రంగుల మ్యాగజైన్లు వేసుకోక తప్పలేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే రెడింగ్‌లో 1965లో ఈవినింగ్ పోస్ట్ పెట్టింది కూడా ఈయనే. మరోవైపు విదేశీ జర్నలిస్టుల శిక్షణ కోసం 1962లో థామ్సన్ ఫౌండేషన్ పెట్టాడు.

ఆ 1964 లార్డు బిరుదు, అంటే వారసత్వంగా వచ్చే బారన్ పదవి, ఇస్తామన్నప్పుడు ఒక చిక్కొచ్చింది. తన పౌరులకు ఇలాంటి బిరుదులు వద్దని కెనడా 1919 నుంచీ అంటోంది. కాబట్టి బ్రిటిష్ పౌరసత్వం తీసుకోవాలి. తీసుకోగానే అప్పటి కెనడా చట్టం ప్రకారం పాత పౌరసత్వం పోతుంది. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుని ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసిన ప్రతి ఒక్కరికీ ఈ బాధ తెలుసు. మనకు పౌరసత్వం వదులుకున్న భారతీయులకిచ్చే ఓసీఐ కార్డైనా ఉంది, ఆయనకు అదీ లేదు. ఆ సంగతి ఆయన్ని చివరిదాకా బాధించింది. రెండు పౌరసత్వాలు ఉంచుకోవచ్చని కెనడా రూలు మార్చింది 1977 ఫిబ్రవరిలో. ఆయన పోయింది 1976 ఆగస్టు 4న.

1966లో ఆస్టర్ కుటుంబం నుంచి టైమ్స్ కొన్నాడు. గుత్తాధిపత్య కమిషన్ ఒప్పుకోవడానికి, 21 ఏళ్లపాటు నష్టాలను తన కుటుంబ సొమ్ముతో భరిస్తానని హామీ ఇచ్చాడు. టైమ్స్ లాభం చూపించడం కష్టమని ఆయనకు తెలుసు. జీవితంలో లెక్క పక్కన పెట్టి కొన్న ఒక్క వస్తువు అదేననిపిస్తుంది. ఆదుకున్నది నార్త్ సీ చమురు. 1971లో ఆక్సిడెంటల్, గెట్టీ, అలైడ్ కెమికల్ కంపెనీలతో కలిసి అక్కడ చమురు వెతికే పనిలో 20 శాతం వాటా తీసుకున్నాడు, 1973లో పైపర్ అనే చమురు క్షేత్రం దొరికింది.

చమురు డబ్బుతో కూడా తీరనిది అచ్చుగదిలో ఉంది. రిపోర్టరు టైప్ చేసిన కాగితాన్ని అక్షరాలు కూర్చే కంపోజిటర్ లైనోటైప్ యంత్రం ముందు కూర్చుని మళ్లీ టైప్ చేస్తాడు, సీసం వరుసలు పడతాయి. వాటిని స్టోన్ అనే బల్ల మీద పేజీగా పేరుస్తారు. సబ్ ఎడిటరు బల్లకు ఇవతల నిలబడి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్న అక్షరాలను తలకిందులుగా చదివి, ఈ లైను తీసెయ్యమని వేలితో చూపించాలి. సీసాన్ని ముట్టుకుంటే చాలు, చాపెల్, అంటే ఆ గది యూనియన్ శాఖ, పని ఆపేస్తుంది. కంప్యూటర్లు వచ్చాక రిపోర్టరే నేరుగా టైప్ చేస్తే రెండో టైపింగ్ అక్కర్లేదు. యూనియన్ ఒప్పుకోలేదు. కొడుకు కెనెత్ హయాంలో 1978 డిసెంబరు నుంచి దాదాపు ఏడాది టైమ్స్ రాలేదు. తెరిచేసరికి దాదాపు 4 కోట్ల పౌండ్లు కరిగిపోయాయి, టైపింగ్ తగాదా మాత్రం తెగలేదు. 1980లో జర్నలిస్టులు కూడా సమ్మె చేశాక కెనెత్‌కు ఓపిక అయిపోయింది. 1981లో రెండు పేపర్లనూ 1.2 కోట్ల పౌండ్లకు రూపర్ట్ మర్డాక్‌కి, ఆస్ట్రేలియా నుంచి వచ్చినాయనకి, అమ్మేశాడు. 21 ఏళ్ల హామీలో అప్పటికి గడిచింది 14 ఏళ్లే.