ముత్తవ్వ పేరుతో కాళేశ్వరానికి

కాళేశ్వరంలో పిండప్రదానానికి కూర్చుంటే పంతులుగారు ముందుగా అడిగేది గోత్రం, ఆ తర్వాత పేర్లు. నాన్న, తాత, ముత్తాత. వాళ్ల వెంట వాళ్ల భార్యలు. మూడు తరాలనూ వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తలచుకుని నీళ్లు వదలాలి. మగవాళ్ల పేర్లు మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. ముత్తాత భార్య పేరు మాత్రం ఎవరికీ తెలియదు. నాన్న పోయినప్పుడు పంతులుగారు ఏదో సర్దుబాటు చేసి కానిచ్చారు. నాకు మనసొప్పలేదు. 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలని తెలిశాక, ఈసారి ఆమె పేరు పట్టుకునే పోవాలనుకున్నాను.

మేం పద్మశాలీలం, మాది పరకాల దగ్గర ఊరు. బొమ్మల పటం చూపిస్తూ మా కులపురాణం చెప్పడానికి వచ్చే కూనపులి వాళ్లను అడిగితే మా వంశంలో మగవాళ్ల వరసంతా గడగడా చెప్పారు. ఆడవాళ్లు ఆ వరసలో లేరు. చివరికి ఇనుప పెట్టె అడుగున ఒక ఉర్దూ కాగితం దొరికింది. ముత్తవ్వకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెలక, అంటే మెట్టభూమి తాలూకు కాగితం. హన్మకొండలో ఉర్దూ బాగా చదవగలిగే ఒక రిటైర్డ్ సారు దగ్గరికి తీసుకెళ్తే, వేలు పెట్టి ఒక్కో మాటా చదివి చెప్పారు. ‘ఫౌత్’ అంటే చనిపోవడం. ‘విరాసత్’ అంటే పోయినవాళ్ల భూమిని వారసుల పేరున ఎక్కించడం. తేదీ ఫసలీ 1352, ఖుర్దాద్ నెల. ఫసలీ అంటే నిజాం కాలంలో సర్కారు కాగితాల్లో రాసే సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఆ ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది కాబట్టి జనవరి దాటాక 591 కలపాలి. ఖుర్దాద్ అంటే ఏప్రిల్ ప్రాంతం. 1943 అన్నమాట. ఫౌత్ అన్న మాట పక్కనే ఒక ఆడమనిషి పేరు.

ఆ పేరు ఆమెదేనా? చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది, మా తాత చెల్లెలు. మేమంతా అవ్వా అనే పిలుస్తాం.

“అవ్వా, మీ అమ్మ పేరేంది?” అన్నాను.

“అమ్మను పేరువెట్టి ఎవలు పిలుస్తరు బిడ్డా?” అంది. కాసేపాగి, “పేరు ఒక్కపారే ఇన్న. దింపుడు కళ్లెం కాడ” అంది.

పాడెను దారి మధ్యలో దింపి, ప్రాణం ఏ మూలనన్నా మిగిలి ఉందేమోనని చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. ముత్తాత వంగి పిలిచాడట. అప్పుడు అవ్వ మేనమామ చంకలో ఉందట. అవ్వ ఆ పేరు చెప్పింది. కాగితంలో ఉన్న పేరే. నాకు గొంతు పెగల్లేదు.

“కాష్టం ఎక్కడ పేర్చిండ్రు?” అని అడిగితే, “కాష్టమేంది? బొంద వెట్టిండ్రు. మన ఇంట్ల అప్పుడు అందరికీ గంతే. కాష్టం మీ తాత కాడికెళ్లే మొదలైంది” అంది. మూడోనాడు బూడిద మీద పాలు చల్లి ఎముకలు ఏరడం, అంటే సంచయనం, నాన్నకు నా చేతుల్తోనే చేశాను. మా ఇంట్లో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కాదని అప్పుడే తెలిసింది. ముత్తవ్వను పూడ్చిపెట్టారు కాబట్టి ఆమె అస్థికలు ఏ నదికీ రాలేదు, ఊరి బొందల గడ్డలోనే ఉన్నాయి.

పరకాల, భూపాలపల్లి, కాటారం, మహాదేవపూర్ మీదుగా వెళ్లాం. ఎండ మండిపోతోంది. సంగమం దగ్గర గోదావరి, ప్రాణహిత కలుస్తాయి. అవతలి ఒడ్డు సిరోంచ, మహారాష్ట్ర. సరస్వతి అక్కడ అంతర్వాహిని అని నమ్మకం. పుష్కరాల జనంలో కూర్చోవడానికి చోటు దొరకడమే గగనమైంది.

ముత్తవ్వ సంగతి పంతులుగారికి చెప్పాను. “అస్థికలు లేవని బాధపడకండి. పిండానికి పేరు, గోత్రం చాలు” అన్నారు. దర్భ పవిత్రం వేలికి పెట్టించి, జంధ్యాన్ని కుడి భుజం మీదికి మార్పించారు, అపసవ్యం అన్నమాట. నువ్వులు అరచేతిలో పోసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి నీళ్లు జారవిడవమన్నారు. తండ్రి, తాత, ముత్తాత అయ్యారు. తల్లుల వరసకు వచ్చారు. అమ్మ చల్లగా ఉంది కాబట్టి నాయనమ్మతో మొదలుపెట్టారు. “ప్రపితామహి పేరు?” అన్నారు, అంటే ముత్తవ్వ పేరు. గట్టిగా చెప్పాను. పక్కన కూర్చున్నవాళ్లు తలతిప్పి చూశారు. నువ్వులు తడిసి వేళ్లకు అంటుకుపోతే పంతులుగారే ఇంకాసిన్ని నీళ్లు పోశారు.

గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముక్తీశ్వరుణ్ణి చూసినవాళ్లంతా ముక్తి పొందుతుంటే తన లోకానికి ఎవరూ రావడం లేదని యముడు మొరపెట్టుకున్నాడట. దాంతో శివుడు అతనికీ పక్కనే చోటిచ్చాడని కథ. మొదటి పూజ యముడికే. చచ్చిపోవడాన్ని ఇంత దగ్గరగా, ఇంత మర్యాదగా చూసే గుడి మరొకటి నేను చూడలేదు.

ఇంటికొచ్చాక అవ్వకు తీర్థం ఇచ్చి జరిగిందంతా చెప్పాను. “పెత్రమాసకు నువ్వు బియ్యమిచ్చేటప్పుడు మా అమ్మ పేరు గుడ చెప్పు” అంది. ఎంగిలిపూల బతుకమ్మ నాడే పెత్రమాస, అంటే పితృ అమావాస్య కాబట్టి ఆడబిడ్డలంతా ఇంట్లోనే ఉంటారు, అందరిచేతా ఆ పేరు చెప్పిస్తాను. ఇక అమ్మ తరఫు మిగిలింది. అమ్మమ్మ అత్తగారి పేరు ఎవరికీ తెలియదు. హుజూరాబాద్‌లో అమ్మ మేనత్త ఉంది, ఆమెకు తొంభై దాటాయి. వచ్చే ఆదివారం పోతున్నాను.